దుర్గవ్వ పోలిక

అక్టోబర్ 14, మంగళవారం

ముక్కు దాకా వచ్చింది. నోరు రాలేదు.

నవంబర్ 16 దుర్గవ్వ సంవత్సరికం. ఇంకా ముప్పై మూడు రోజులు. తిథి గురువారం పడింది. కొడుకు నరేందర్‌కు ఎయిర్‌పోర్టు కార్గోలో సెలవు దొరకదని ఆదివారానికి జరిపారు. ఆ రోజుకు బొమ్మ అయిపోతే హాల్లో ఉన్న తల్లి ఫోటో తీసి నేను గీసిందే పెడతానన్నాడు. "గంతే గద బాపు, నీ ఇష్టం" అన్నాడు. ఫోన్ చూస్తూ అన్నాడు. అయినా అన్నాడు.

నలభై నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న మనిషి. నోరు ఎలా ఉండేదో చేతికి తెలియాలి.

రేపు వస్తుంది.

అక్టోబర్ 15

తుడిచేశాను.

అక్టోబర్ 17, శుక్రవారం

వానకు ఇంటి వెనక రేకుల గది కారింది. బొమ్మ వేస్తున్న రేకును లోపలి గోడకు జరిపాను. శంషాబాద్ బస్టాండు దగ్గర షట్టర్ ఖాళీ చేసిన నాడు రంగు డబ్బాలు, కుంచెలు అన్నీ ఈ గదికే తెచ్చాను. ఫ్లెక్సులు వచ్చాక బోర్డులు రాయించేవాళ్ళు పోయారు. చనిపోయినవాళ్ళ బొమ్మలు ఇంకో నాలుగేళ్ళు నడిచాయి. తర్వాత అవీ పోయాయి.

ఫోటో ఉంటే పని తేలిక. దాని మీద చిన్న గళ్ళు, రేకు మీద పెద్ద గళ్ళు గీసి గడికి గడి దించడమే. ఫోటో లేని ఇళ్ళే ఎక్కువ ఉండేవి. అలాంటి ఇంటికి పోతే చనిపోయినవాళ్ళ పిల్లలందరినీ అరుగు మీద వరుసగా కూర్చోబెట్టేవాణ్ణి. నొసలు ఎవరికి వచ్చింది, గదవ ఎవరికి వచ్చింది అని అడిగేవాణ్ణి. పెద్దకొడుకు ముక్కు, చిన్నబిడ్డ కళ్ళు, నడిపివాడి చెవులు. అన్నీ కలిపి ముప్పై ఏళ్ళు పెంచితే తండ్రి అయ్యేవాడు. కొట్లాటలు కూడా అయ్యేవి. "మా బాపు చెవులు గిట్లుంటయా? వీనివి చాటలు" అని ఒకడంటే ఇంకొకడు లేచిపోయేవాడు. నేను మాట్లాడేవాణ్ణి కాదు. ఆ పనిలో మాట అవసరం పడదు. చూస్తే చాలు. అందుకే ఆ పని పట్టుకున్నానేమో.

బతికున్నవాళ్ళను మాత్రం గీయలేదు. చచ్చినవాళ్ళను దింపే చెయ్యి బతికున్న మనిషిని దింపితే ఆయువు తీరుతుందని నాకు పని నేర్పినాయన చెప్పాడు. ఊరూ అదే అనేది. నమ్మానో లేదో తెలియదు. ఆ మాట దాటలేదు.

దుర్గవ్వ రెండుసార్లు అడిగింది. నరేందర్ పుట్టకముందు ఒకసారి. మళ్ళీ వయసు మళ్ళాక, శంషాబాద్ నుంచి బస్సులో వస్తుంటే. "ఊరోళ్ళందర్ని దింపినవ్. నన్నొక్కసారి దింపరాదు" అంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. ముందు పన్ను ఎత్తుగా ఉండేది. ఎవరైనా చూస్తే కొంగు అడ్డం పెట్టేది. నేను కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. దిగాల్సిన స్టేజీ వచ్చాక, "అసొంటి మాటలు మాట్లాడకు" అన్నాను.

అక్టోబర్ 19, ఆదివారం

హాల్లో ఉన్నది ఆమె కాదు.

ఆమెకున్న ఫోటో ఆధార్ కార్డు మీది ఒక్కటే. నవ్వొద్దు అన్నారని నోరు గట్టిగా మూసుకుని, బెదిరినట్టు దిగింది. దినాలకు ముందు నరేందర్ దాన్ని ఫోన్‌లో పెట్టి పెద్దది చేయించాడు. ఇప్పుడు ఫోన్‌లో అడిగితే అదే చేసిస్తుందట. ఆమె ఎన్నడూ కట్టని పట్టుచీర ఆమెకు కట్టింది. కమ్మలు పెట్టింది. తెల్లగా చేసింది. మూసిన నోరు తెరిపించి నవ్వించింది. పళ్ళు వరుసగా ఉన్నాయి. టీవీలో వేసుకోవడానికి కదిలే బొమ్మ కూడా ఇచ్చింది. కళ్ళు ఆర్పుతుంది, నవ్వుతుంది, చేతులు జోడిస్తుంది. పది సెకన్లు. అయిపోగానే మళ్ళీ మొదలు.

ఈ రోజు కోడలు శ్రీలత పుట్టింటివాళ్ళు వచ్చారు. కోడలు వాళ్ళకు టీవీ పెట్టి చూపించింది.

"సూడు వదినా, మా అత్తమ్మ. అచ్చం గిట్లనే ఉండె."

శ్రీలత అబద్ధం చెప్పే మనిషి కాదు. చివరి మూడు నెలలు దుర్గవ్వకు స్నానం చేయించింది, గంజి తాగించింది ఈ పిల్లే.

నేను లేచి వెనక గదికి వచ్చాను. రేకు ముందు కళ్ళు మూసుకుని కూర్చున్నాను. టీవీలో నవ్వే వచ్చింది. పది సెకన్లకు మళ్ళీ వచ్చింది.

అక్టోబర్ 20

ఏడాది తిరగలేదు కనుక ఇంట్లో దీపావళి లేదు. మా ఊరు కొత్వాల్‌గూడ అంతా పటాకులు. పై పెదవి ఆరుసార్లు వేశాను.

అక్టోబర్ 23, గురువారం

నరేందర్ బుద్వేల్ తీసుకుపోయాడు. మనసు డాక్టరట. నేను తినడం లేదని, గోడ ముందు నిలబడి మాట్లాడుతున్నానని శ్రీలత చెప్పిందట. రేకు గోడకు ఆనించి ఉంది. ఇంకెక్కడ నిలబడాలి.

డాక్టరమ్మ పేరు అనుపమ. ఆంధ్ర వైపు మాట. నెమ్మదిగా మాట్లాడింది.

"బొమ్మలు వేస్తారటగా కుర్మయ్య గారు. చాలా మంచిదండి. మనసులో బరువు దిగుతుంది."

"నోరు వస్తలేదు మేడం."

"రాకపోతే రానివ్వండి. అచ్చం ఆవిడలాగే ఉండక్కర్లేదు. మీకు ఎలా అనిపిస్తే అలా, ఏ రంగు తోస్తే ఆ రంగు వేసేయండి. ఇప్పటి ఆర్టిస్టులు చాలామంది అలాగే వేస్తారు. బొమ్మ చూసేవాళ్ళ కోసం కాదండీ, వేసేవాళ్ళ కోసం."

"పోలిక లేకుంటె ఎవలని మొక్కాలె మేడం?"

ఆమె నా వైపు చూసింది. నరేందర్ వైపు చూసింది. ఏదో రాసుకుంది. నిద్రకు, దిగులుకు మాత్రలు ఇచ్చింది. మనసులో ఉన్నదాన్ని దాచుకోకుండా బయటికి రానివ్వమంది.

ఒక మాట ఆమెకు చెప్పలేదు. మనసులో ఉన్నది గీస్తే టీవీలో ఉన్నది వస్తుంది. ఇప్పుడు లోపల ఉన్నది అదే.

బండి మీద వస్తుంటే నరేందర్ "మంచిగ చెప్పింది గద బాపు" అన్నాడు. మంచిగనే చెప్పింది అన్నాను.

అక్టోబర్ 25

మాత్ర వేసుకుంటే చెయ్యి వణుకుతోంది. మానేశాను. ఇంట్లో చెప్పలేదు.

అక్టోబర్ 28, మంగళవారం

రావిర్యాల పోయాను. దుర్గవ్వ చెల్లె కిష్టవ్వ ఇల్లు అక్కడే. అక్కకంటే రెండేళ్ళు చిన్న. మా పెళ్ళినాడు ఎవరు పెళ్ళికూతురో తెలియక మా మేనత్త చిన్నదానికి బొట్టు పెట్టింది. అంత పోలిక. ఫోటో లేని ఇళ్ళలో నేను చేసే పని నా ఇంటికే చేయాలని ఇన్నాళ్ళు తోచకపోవడం నా తప్పు.

కిష్టవ్వ వాకిట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఏంది బావా, తొవ్వ తప్పినవా?"

ఎలా అడగాలో బస్సులో అంతా అనుకుంటూ పోయాను. తీరా, "నీ మొకం కావాలె" అని వచ్చింది నోట్లోంచి.

"నలభై ఏండ్లాగి అడుగుతున్నవా? గిప్పుడేం మిగిలింది బావా" అని చాట పక్కకు నెట్టి నవ్వింది.

విషయం చెప్పాను. నవ్వు ఆగింది.

"నన్ను దింపుతవా? వద్దు బావా, దండం వెడత. నీ చేతుల వడ్డోళ్ళందరు గోడకెక్కిన్రు. నేను మనుమరాలి పెండ్లి సూడాలె."

"నిన్ను కాదు. నీ నోరొక్కటి సూస్త. బొమ్మ మీ అక్కదే."

"నోరు వోతే మిగిలినదాన్ని నేనేం జేసుకోవాలె?"

అన్నం పెట్టింది. నేను తినేదాకా ఆలోచించింది. తర్వాత, "అక్క కోసం అంటున్నవ్ గాబట్టి" అని ఎండలో స్టూలు వేసుకుని కూర్చుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది, దవాఖానలో సూది వేయించుకుంటున్నట్టు. నోరు తెరవమన్నాను. తెరిచింది. తెల్లటి పళ్ళు, వరుసగా.

"నీ ఎత్తుపన్ను ఏది?"

"అన్ని పీకిచ్చిన. పోయినేడు. ఇవి కట్టుడు పండ్లు. ఇగో" అని తీసి అరచేతిలో పెట్టి చూపించింది. నోరు లోపలికి పోయింది. అందులో దుర్గవ్వ లేదు.

"మీ ఇద్దరికి ఉండె గద ఎత్తుపన్ను."

"ఇద్దరికి యాడిది? నాకొక్కదానికే. అక్కవి ముత్యాలోలె ఉండె. టీవీల నవ్వుతది సూడు, గట్లనే."

పళ్ళు లేకుండా అంది. మాట సరిగ్గా రాలేదు కానీ గట్టిగా అంది.

"మరి కొంగెందుకు అడ్డం వెట్టుకునేది?"

"సిగ్గు బావా. నీ కంటె జర తక్కువ, గంతే."

బస్సులో తిరిగి వచ్చేటప్పుడు కిటికీ పక్క సీటు దొరికింది. కూర్చోలేదు.

అక్టోబర్ 29

నరేందర్‌ను అడిగాను. "ఉండెనా బాపు? యాదికి వస్తలేదు. ఆధార్‌ల నోరు మూసుకునే ఉండె గద" అన్నాడు. శ్రీలతను అడిగాను. "ఆఖరికి ఎండిపోయిండె గద మామ. మొకమంత పండ్లే కనవడ్డయి. ముందుగాల ఎట్లుండెనో" అని కళ్ళు తుడుచుకుంది. ఇంక అడగలేదు.

పన్ను ఉండేది. నేను చూశాను. నేను చూడక ఇంకెవరు చూస్తారు.

నవంబర్ 1

ఉండేది.

నవంబర్ 4, మంగళవారం

మల్లేశ్వర్ వచ్చాడు. ఊళ్ళో వాడే. పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కడుతున్నాడు. ఇరవై రెండేళ్ళ కింద వాళ్ళ తండ్రి బొమ్మ నేనే గీశాను. ఫోటో లేని మనిషి. ముగ్గురు అన్నదమ్ములను కూర్చోబెట్టి చేసిన పని. ఆ రేకును తువ్వాలలో చుట్టుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తెచ్చాడు.

"కుర్మన్నా, మా బాపు భుజం తుప్పు వట్టింది. జర సక్కగ చెయ్యి."

చాలా రోజులకు పని. సంతోషమైంది. బెంచీ తుడిచి కూర్చోమన్నాను. అందరూ ఫోన్‌లో చేయించుకుంటున్నారు కదా అన్నాను.

"దేన్ని జూసి చేస్తదన్నా ఫోను? బాపుకు ఫోటో ఉంటె గద. అసలు ముచ్చట చెప్పాల్నా, ఏమనుకోవు గద? ఇది మా బాపు లెక్క లేకుండె."

చేతిలో గరుకు కాగితం ఉంది. తుప్పు గీకుతున్నాను. ఆపలేదు.

"నువ్వు తెచ్చిచ్చిన దినం మా అవ్వ నీ ముంగట ఏమనలె. నువ్వు పోయినంక 'గీయినెవలురా' అని ఒకటే ఏడ్సుడు. మా బాపుకు దవడ గింత లావుండె. నువ్వు మా చిన్నోని దవడ వెట్టినవ్. వాడు మా మేనమామ పోలిక."

"చెప్పకపోతివి."

"నీ మొకం జూసినంక ఎట్ల చెప్తమన్నా? నువ్వు తలకాయ వంచుకొని వాకిట్ల నిలవడ్డవ్. చాయ తాగిపించి పంపినం."

"మరి గిప్పుడు?"

"గిప్పుడు గిదే మా బాపు. దీపం వెట్టంగ వెట్టంగ అవ్వ గూడ దీనికే మొక్కింది. పాణం పొయ్యేటప్పుడు గీ బొమ్మ దిక్కే సూసింది. నాకు ఇంకో మొకం యాదికి లేదు. కండ్లు మూసుకుంటె గిదే. నీ చెయ్యి సల్లగుండ."

భుజం బాగు చేసి ఇచ్చాను. దవడ వైపు చూశాను. ముట్టుకోలేదు. మల్లేశ్వర్ బొమ్మను రెండు కళ్ళకు అద్దుకుని మళ్ళీ తువ్వాలలో చుట్టుకున్నాడు.

నవంబర్ 5

నూటికి పైన ఇళ్ళు. ఎవరూ చెప్పలేదు.

నవంబర్ 6

అందరికీ చాయ తాగించి పంపడమే తెలుసు.

నవంబర్ 9, ఆదివారం

పొద్దున హాల్లో టీవీ మీద నా పంచె కప్పాను. శ్రీలత తీయలేదు. వంటింట్లోంచి, "గట్లనే ఉండనీయండి, మామకు పరేషాన్ అయితుంది" అని నరేందర్‌కు చెప్పడం వినిపించింది.

నొసలు బాగుంది. తెల్ల వెంట్రుకలు, ఎర్ర బొట్టు, వాయిల్ చీర. కళ్ళు పరవాలేదు. పన్ను ఎడమ వైపు వేశాను. ఆమే అనిపించింది. చాయ తాగి వచ్చి చూశాను. తుడిచి కుడి వైపు వేశాను. ఆమే అనిపించింది. మళ్ళీ చూశాను. రెండు వైపులా ఆమెలాగే ఉంది. రెండు వైపులా కాదు.

ఎదురుగా కూర్చుంటే ఏ వైపు ఉండేదో ఆలోచించాను. ఎదురుగా కూర్చున్నట్టు గుర్తు లేదు. ఆమె వడ్డించేది, నేను పళ్ళెంలోకి చూసేవాణ్ణి. నడిస్తే నేను ముందు, ఆమె వెనక. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఇళ్ళకు పోయి పిల్లల మొహాల్లోకి గంటలు గంటలు చూశాను. అది పని. ఇంట్లో అలా చూడాలంటే సిగ్గు. పైగా చూస్తే చెయ్యి గీయాలంటుందని భయం.

కాదు. చూశాను. చాలాసార్లు చూశాను.

నవంబర్ 10

పన్ను ఎడమ వైపే. గుర్తొచ్చింది.

నవంబర్ 14, శుక్రవారం

అయిపోయింది. పన్ను సరిగ్గా కుదిరింది. బుగ్గల్లో కొంచెం నవ్వు వచ్చింది. ఆ బుగ్గలు టీవీలోవి, నాకు తెలుసు. సమయం లేదు. ఎండకు ఆరబెట్టాను. దూరం నుంచి చూస్తే ఆమే. ఇంకొంచెం దూరం నుంచి చూస్తే ఇంకా బాగుంది.

ఈమే దుర్గవ్వ.

నవంబర్ 16, ఆదివారం

నరేందర్ మాట తప్పలేదు. పొద్దున్నే ఫోటో దించి లోపల బీరువా పక్కన పెట్టాడు. నా రేకును గోడకు ఎక్కించి బంతిపూల దండ తనే వేశాడు. "మంచిగుంది బాపు" అన్నాడు. ఈసారి ఫోన్ చూడలేదు. బొమ్మను చూశాడు, చాలాసేపు. ఏదో వెతుక్కుంటున్నట్టు చూశాడు.

బొమ్మ ముందు విస్తరి వేశారు. అన్నం, బోటి కూర, గారెలు. కల్లు నేల మీద సాక పోశారు. బంధువులు వచ్చి దండం పెట్టి పక్కకు పోయి కూర్చుంటున్నారు. పాపం ఎవరూ ఏమీ అనలేదు. నా వైపు చూసి, తల ఊపి పోతున్నారు. నేను మల్లేశ్వర్ వాళ్ళ వాకిట్లో ఎలా నిలబడ్డానో అలాగే నిలబడి ఉంటాను. తల ఎత్తాలనుకున్నాను. రాలేదు.

కిష్టవ్వ వచ్చింది. ఏడవడానికే వచ్చింది. గడప దగ్గరే కొంగు చేతిలోకి తీసుకుంది. రేకు ముందు నిలబడి "అక్కా" అని మొదలుపెట్టింది. ఆగింది. ఒకసారి గొంతు సవరించుకుని మళ్ళీ "అక్కా" అంది. ఏడుపు రాలేదు. అందరూ చూస్తున్నారు. ఆమె సిగ్గుపడింది. కిష్టవ్వ సిగ్గుపడటం నేను ఎన్నడూ చూడలేదు. నా దగ్గరికి వచ్చి, చెవిలో, "బావా, అక్క ఫోటో యాడ వెట్టిన్రు?" అంది.

చచ్చినవాళ్ళ ఇంటికి వచ్చినవాళ్ళకు ఏడవడానికి ఒక మొహం కావాలి. ఇన్నేళ్ళు నేను చేసింది ఆ ఒక్క పనే. ఎవరి దవడో, ఎవరి చెవులో పెట్టి ఒక మొహం ఇచ్చాను. వాళ్ళు ఏడ్చుకున్నారు. ఈ రోజు నేనిచ్చిన మొహానికి ఏడుపు రావడం లేదు. నా పని కాలేదని అర్థం.

స్టూలు తెచ్చుకున్నాను. దండ తీసి నరేందర్ చేతికిచ్చాను.

"ఉండనీ బాపు. మాటిచ్చిన నీకు."

"తియ్యి."

"బాపు, అందరు సూస్తున్నరు."

"గందుకే తీస్తున్న. ఆ ఫోటో తే."

నేనే ఎక్కించాను. అద్దం మీద దుమ్ము ఉంటే తువ్వాలతో తుడిచాను. దండ వేశాను. స్టూలు దిగకముందే కిష్టవ్వ "ఓ అక్కా, నా ముత్యాల నవ్వుల అక్కా" అని గోడకు తల ఆనించి ఏడ్చింది. శ్రీలత ఆమెను పట్టుకుని ఏడ్చింది. నరేందర్ మొహం అటు తిప్పుకున్నాడు, వాడి భుజాలు కదిలాయి. ఇల్లంతా ఏడుపు. ఏడాది కింద ఆమె పోయిన రోజు లాగే.

నాకూ వచ్చింది. ఆపుకోలేదు. ఆ వరుస పళ్ళను చూస్తూ ఏడ్చాను. అప్పుడు అది ఆమె కాదని తోచలేదు.

నవంబర్ 17

ఏమీ లేదు.

నవంబర్ 18

టీవీ మీది పంచె తీసి ఉతికాను.

నవంబర్ 21, శుక్రవారం

పై అంతస్తులో రెండు గదులు కిరాయికి ఇస్తాడట నరేందర్. ఎయిర్‌పోర్టులో పనిచేసే పిల్లలు అడుగుతున్నారట. గేటుకు బోర్డు కావాలి.

"ఫ్లెక్స్ ఎందుకు బాపు, నువ్వున్నవ్ గద. చెయ్యి ఆడినట్టుంటది. డాక్టరమ్మ గూడ సంతోషవడ్తది."

ప్రేమతోనే అన్నాడు. సరే అన్నాను. ఆ కొలతకు సరిపడే రేకు ఇంట్లో ఒకటే ఉంది.

పాత బొమ్మ మీద తెల్లరంగు ఎక్కాలంటే రెండు కోట్లు పడతాయి, ఒక్కోసారి మూడు. ఇది ఒక్క కోటుకే పోయింది. వెంట్రుకలు తెలుపే, చీర లేత రంగే, అందుకని. ఎర్ర రంగు ఒక్కటి ఎప్పుడూ మొండిది. బొట్టు రెండో కోటు లోంచి కూడా తేలింది. మూడో కోటుకు రంగు చాలలేదు. ఎర్ర అక్షరాలతో రాస్తే కనపడదని తోచింది. "కిరాయికి"లో మొదటి అక్షరం దాని మీదికి వచ్చేలా సర్దాను. పోయింది.

కింద నరేందర్ ఫోన్ నంబరు. కొలిచి గీత గీశాను. నోరు ఉన్న చోటికి వచ్చింది. పది అంకెలు, తిన్నగా వచ్చాయి. చెయ్యి వణకలేదు.